మామయ్యగారి ఎడమ కాలు

మా మామయ్యగారికి ఎడమ కాలు ఉన్నమాట నిజమే గాని, కారు నడపడానికి మాత్రం అది లేనట్టే లెక్క. 2007లో ఏలూరు రోడ్డు మీద స్కూటరు జారి పడ్డారు. మోకాలి చిప్ప ముక్కలైంది. డాక్టర్లు ఆ ముక్కల్ని కూడదీసి, తీగెలతో కట్టి, నడవడానికి పనికొచ్చేట్టు చేశారు. క్లచ్చి తొక్కడానికి మాత్రం పనికిరాలేదు. తొక్కిన కాలు మళ్ళీ పైకి రావాలంటే చెయ్యి సాయం కావాలి. ఒక చెయ్యి కాలికీ, ఒక చెయ్యి గేరుకీ పోతే స్టీరింగుకి మిగిలేదేమిటో మీరే చెప్పండి.

పామర్రు అవతల ఆయనకు మూడెకరాల మాగాణి ఉంది. ఒక అక్కగారున్నారు. ఆదివారం పొద్దున్నే బయల్దేరి, ఉయ్యూరులో ఆగి రెండిడ్లీలు తిని, పొలం గట్టు మీద కాసేపు నుంచుని, అక్కగారి చేత నాలుగు చివాట్లు తిని, చీకటి పడకుండా ఇల్లు చేరితే గాని ఆయనకు వారం గడిచినట్టుండదు. బస్సెక్కుదామంటే మెట్టు ఎత్తు. డ్రైవరును పెట్టుకోండంటే, "నా పొలానికి నన్ను ఇంకొకడు మోసుకుపోవడమేమిటి, శవాన్నిలాగా!" అన్నారట. అంచేత 2009లో, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి తీసి, క్లచ్చి లేని కారు కొన్నారు. ఆటోమేటిక్ అన్నమాట. అప్పట్లో బెజవాడలో ఆ బాపతు కార్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. చూసినవాళ్ళు, "పాపం, ఎవరికి బాగాలేదు?" అని అడిగేవారట.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది 2011లో. డ్రైవింగు నేర్చుకున్నది ఆ కారుమీదే. అంచేత రెండు కాళ్ళూ నిక్షేపంలా ఉన్నా నాకూ క్లచ్చి రాదు. "మా నాన్నకు కాలు లేక, నీకు అలవాటు లేక, ఇద్దరూ ఇద్దరే" అని మావారు నవ్వుతారు. ఆయనకు ఉద్యోగం హైదరాబాదులో. శనివారం రాత్రికి వస్తారు. ఒక్కొక్క శనివారం రారు.

2024 దసరా వెళ్ళిన వారానికి కారు మొరాయించడం మొదలెట్టింది. పొద్దున్నే ఇంట్లోంచి వెనక్కి తీసి, గేరు కడ్డీని 'డి'లోకి లాగితే కదలదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నట్టు ఆగి, అప్పుడు ధబ్బుమని ఒక కుదుపు కుదిపి బయల్దేరుతుంది. కంకిపాడు దాటాక రెండో గేరునుంచి మూడో గేరుకు మారేటప్పుడు మళ్ళీ అదే కుదుపు. మొదట మామయ్యగారు ఆ మాట ఎత్తలేదు. పక్కన కూచున్న నేనూ ఎత్తలేదు. ఇంట్లో ఎవరికైనా రాత్రిళ్ళు దగ్గొస్తుంటే నాలుగు రోజులు ఎవరూ ఆ దగ్గు సంగతి మాట్లాడరు చూడండి, అట్లా.

అప్పటికి మీటరు మీద 1,62,000 కిలోమీటర్లు. గేరుపెట్టెలో నూనె కొన్ననాటిదే. "అది జీవితాంతం ఉండే నూనె, సీలు వేసి వస్తుంది, ముట్టుకోనక్కర్లేదు" అని సర్వీసుకు ఇచ్చిన చోటల్లా చెప్పారు. ఎవరి జీవితాంతం అని మేమూ అడగలేదు.

ఆ రాత్రి ఫోనులో మావారికి చెప్పాను. ఆయన ఎవరినో విచారించి అరగంటలో మళ్ళీ చేశారు. గేరుపెట్టె పోతే బాగుచేయించడానికి లక్షన్నర. కారును ఉన్నదున్నట్టు అమ్మితే లక్షా పాతిక రాదు. పైగా నవంబరుతో పదిహేనేళ్ళ రిజిస్ట్రేషను తీరిపోతుంది. తనిఖీ చేయించి, రుసుము కట్టి, మళ్ళీ ఐదేళ్ళకు రాయించుకోవాలి. ఇదంతా చెప్పి, కాసేపు ఊరుకుని, "పోతే పోనీలే" అన్నారు. "నాన్నకు డెబ్బై నాలుగు వచ్చాయి. మనం ఆపమంటే ఆపరు. బండే ఆగిపోతే ఎవరిమీదా నిష్ఠూరం ఉండదు."

ఆ మాటలో తప్పేమీ లేదు. అదే నా బాధ. తప్పుమాటయితే దెబ్బలాడేదాన్ని. కాని వారం వారం పక్క సీట్లో కూచునేది నేను. ఆయన కళ్ళు, ఆయన బ్రేకు, బందరు రోడ్డు మీద ఎదురొచ్చే లారీకి ఆయన ఎంత దూరంలో పక్కకు తీస్తారో, నాకు తెలుసు. చీకట్లో నడపడం రెండేళ్ళ కిందట తనంతట తానే మానేశారు. ఆపాల్సిన రోజు వస్తుంది. ఆ రోజును ఆయన నిర్ణయించుకోవాలి, లేదా మేం ఆయన మొహంమీద చెప్పాలి. అంతేగాని ఓ గేరుపెట్టెను చావనిచ్చి, ఆ శవాన్ని చూపించి ఆయన్ని ఇంట్లో కూచోబెట్టడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు.

సరే, నూనె మార్పిద్దామని బయల్దేరాను. మార్పించడం తేలికే గాని, మార్పించాలా వద్దా అన్నది తేల్చుకోవడానికే పదిరోజులు పట్టింది. మా వీధి చివరింటాయన, "ముట్టుకోకండమ్మా! పాత బండికి కొత్త నూనె పడదు. మా తోడల్లుడు మార్పించాడు, నెల తిరక్కుండా పెట్టె పోయింది" అన్నారు. ఇంకో చోట ఓ కుర్రవాడు, "మిషను పెట్టి, ఒత్తిడితో మొత్తం కడిగేస్తాం మేడమ్, చుక్క పాత నూనె మిగలదు" అన్నాడు. అతనికి ఉత్సాహం ఎక్కువ. నాకు భయమేసింది. ఒకరు ముట్టుకోవద్దంటారు, ఒకరు చుక్క మిగల్చనంటారు!

చివరికి ఆటోనగర్ వెళ్ళాను. మా పటమట ఆటోనగర్ సంగతి ఈ ప్రాంతంవాళ్ళకు చెప్పనక్కర్లేదు. లారీకి బాడీ కట్టడం దగ్గర్నుంచి రేడియేటరుకు అతుకు వేయడందాకా, చేతిలో ఉన్న పని తప్ప ఎదురుగా ఉన్న మనిషిని చూడనివాళ్ళు వేలమంది ఉన్న చోటు అది. అక్కడ ఆటోమేటిక్ పెట్టెలు విప్పే మేస్త్రీ ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. అరవై ఏళ్ళుంటాయి. నన్ను చూసి, "సారు రాలేదా అమ్మా?" అన్నాడు. సారు హైదరాబాదులో ఉన్నారని, కారు నేనూ మామయ్యగారూ నడుపుతామని చెప్పాను. స్టూలు తుడిచి వేశాడు.

ఆ షెడ్డులో ఆ రోజు నాలుగు కార్లున్నాయి. నాలుగూ సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు నీళ్ళలో ఉన్నవి. అదే రోజుల్లో కృష్ణ కూడా విరుచుకుపడి, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా పోయింది. ఆ సంగతి మీరంతా చదివే ఉంటారు. నేను చూసింది మాత్రం ఒక తట్టలో. ఆ కార్లలో ఒకదాని గేరుపెట్టెలోంచి దింపిన నూనె అచ్చంగా రోజ్ మిల్కులా ఉంది! నీళ్ళు కలిస్తే అట్లా విరుగుతుందట. లోపలి క్లచ్చి బిళ్ళలకు కాగితంలాంటి పూత అంటించి ఉంటుంది. నీళ్ళు తగిలితే ఆ పూత ఊడిపోతుంది. "ఇట్లాంటిది స్టార్టు చేయకుండా తోసుకొచ్చినవాళ్ళు కొంత బతికించుకున్నారు. ఎండబెట్టి స్టార్టు చేసి చూద్దామన్నవాళ్ళవి పోయాయి" అన్నాడు మేస్త్రీ.

మా కారు సంగతి చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు. "ఆక్సిలేటరు తొక్కితే ఇంజను గోలపెట్టి బండి ముందుకు పోకుండా ఉంటోందా? లేకపోతే ఆలస్యంగా పట్టుకుని కుదుపుతోందా?"

కుదుపేనన్నాను. డిప్‌స్టిక్కు లాగి, తెల్లగుడ్డకు తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొత్తలో దానిమ్మరసంలా ఎర్రగా ఉండవలసిన నూనె కాఫీ డికాషనులా ఉంది. "నలుపు వచ్చింది గాని మాడు వాసన లేదు" అని ఆ గుడ్డ నాకూ వాసన చూపించాడు. మాడు వాసన వచ్చి, గేరు జారుతుంటే, లోపలి బిళ్ళలు అరిగిపోయినట్టే. అప్పుడు నూనె మార్చినా ఒకటే, మార్చకపోయినా ఒకటే.

"మరి మార్చిన నెలకే పోయిందంటున్నారే?" అన్నాను.

"చావబోయేవాడి నోట్లో తులసితీర్థం పోస్తారు. పోసిన గంటకు పోతాడు. తీర్థం వల్ల పోయాడంటే ఎట్లా అమ్మా?" అన్నాడు మేస్త్రీ. పదిహేనేళ్ళు ముట్టుకోకుండా, జారడం మొదలయ్యాక పరుగెత్తుకొచ్చి నూనె మార్పిస్తారు. అరిగిన పొడి ఆ పాత నూనెలో తిరుగుతూ కొంత పట్టు ఇస్తుంటుందనీ, కొత్త నూనె దాన్ని కడిగేసేసరికి ఉన్న అరుగుదల బయటపడుతుందనీ కొందరంటారు. అందులో కొంత నిజం ఉండొచ్చునట. "అందుకే ఒక్కసారిగా కడగను. మూడు విడతలు చేస్తాను. అన్నం మానేసి లంఖణం చేసినవాడికి మొదటిరోజే పులిహోర పెట్టం కదా."

ఇక్కడ మామయ్యగారిని కాస్త మాట్లాడనివ్వాలి. ఆయన ముప్పై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పినాయన. ఈ కబుర్లన్నీ ఇంటికొచ్చి చెబితే, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి రెండు టేబిలు ఫ్యాన్లు తెచ్చి వరండాలో ఎదురెదురుగా పెట్టారు. ఒకదానికి కరెంటు ఇచ్చారు. రెండోదానికి ఇవ్వలేదు. మొదటిది తిరిగితే ఆ గాలికి రెండోదీ మెల్లిగా తిరగడం మొదలెట్టింది. "ఇదే అమ్మాయ్, నా ఎడమ కాలు" అన్నారు.

ఇంజను వైపు ఒక ఫ్యాను, చక్రాల వైపు ఒక ఫ్యాను, మధ్య గాలికి బదులు నూనె. ఇంజను తిప్పిన నూనె వెళ్ళి రెండో రెక్కల్ని తోస్తుంది. టార్క్ కన్వర్టర్ అనేది మూలంలో ఇదే. జర్మనీలో ఫెట్టింగర్ అనే ఇంజనీరు 1905 ప్రాంతంలో ఓడల కోసం కనిపెట్టాడు. అమెరికాలో జనరల్ మోటార్సువారు ఈ నూనె జోడింపుతో, తనంతట తానే గేర్లు మార్చుకునే పెట్టెను 1939లో తయారుచేసి, 1940 మోడలు ఓల్డ్స్‌మొబిల్ కార్లలో పెట్టి అమ్మారు. యుద్ధంలో వాటిని ట్యాంకులలో కూడా వాడారు. ఆ నూనె పని కూడా ఒకటి కాదు. ఇంజను శక్తిని మోయాలి, ఒత్తిడితో క్లచ్చి బిళ్ళల్ని బిగించాలి, పళ్ళచక్రాలకు తడి ఇవ్వాలి, వేడిని మోసుకుపోవాలి. జారనివ్వాలి, మళ్ళీ పట్టుకోవాలి. ఇన్ని గుణాలు రావడానికి తొలి దశాబ్దాల్లో అమెరికాలో ఆ నూనెలో తిమింగలం తలలోంచి తీసిన కొవ్వు కలిపేవారట! 1970లలో అక్కడ తిమింగలాల సరుకును నిషేధించాక వేరే దినుసులు వెతుక్కోవలసి వచ్చింది. ఇది విని మా అత్తయ్యగారు, "ఇప్పుడు కలపరుగా?" అని రెండుసార్లు అడిగి, కలపరంటే గాని ఆ ఆదివారం కారెక్కలేదు.

ఆ రాత్రి మామయ్యగారు కారుతో వచ్చిన పుస్తకం తీసి భూతద్దం పెట్టి చదివారు. అందులో రెండు లెక్కలున్నాయి. 'మామూలు' వాడకానికి ఒకటి, 'కఠినమైన' వాడకానికి ఒకటి. ఎండల్లో, ఆగి ఆగి కదిలే రద్దీలో నడిపితే కఠినమైన వాడకం కిందికి వస్తుందట. నూనె తొందరగా మార్చాలట. ఆ పుస్తకం రాసినవారి మామూలు ఏ ఊరిదో గాని, మే నెలలో బెంజి సర్కిలు దగ్గర ఏసీ వేసుకుని సిగ్నలుకోసం నుంచున్న కారుది మాత్రం కాదు. వేడే ఆ నూనెకు మృత్యువు. గేరుపెట్టెలు తయారుచేసి ప్రపంచమంతా అమ్మే జర్మనీ కంపెనీ జెడ్ఎఫ్ కూడా తన పెట్టెలకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య నూనె మార్చమనే చెబుతుంది. తయారుచేసినవాడు మార్చమంటుంటే, అమ్మినవాడు జీవితాంతం అంటాడు!

"మనదే తప్పు. పుస్తకం ఇంట్లో పెట్టుకుని పదిహేనేళ్ళు చదవలేదు. పిల్లలకు మాత్రం చదవమని చెప్పాను" అన్నారాయన.

మొదటి విడత అక్టోబరు ఆఖరులో. మామయ్యగారూ వచ్చి స్టూలు మీద కూచున్నారు. ఏ నూనె పోయాలన్నది మేస్త్రీ తన ఇష్టానికి వదల్లేదు. డిప్‌స్టిక్కు పిడి మీదా పుస్తకంలోనూ ఉన్న పేరు ఒకటేనని చూసి, సీలు ఉన్న డబ్బాలే తెమ్మన్నాడు. లీటరు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. దుకాణంలో, "అన్నిటికీ పనికొస్తుంది, ఇదీ ఎరుపే" అని సగం ధరకు వేరేది చూపించారు. ఆ సంగతి చెబితే మేస్త్రీ, "ఎర్రగా ఉన్నవన్నీ ఒకటే అయితే కుంకుమా కారమూ ఒకటే" అన్నాడు. ఎరుపు కేవలం రంగు. ఇంజను ఆయిలు కాదని తెలియడానికీ, కారితే కనిపెట్టడానికీ వేస్తారు. బెల్టుతో నడిచే సీవీటీ పెట్టెలకైతే నూనె జాతే వేరట.

కారును నాలుగు కిలోమీటర్లు తిప్పి, గోరువెచ్చగా అయ్యాక, సమంగా ఎత్తి, అడుగున బోల్టు విప్పాడు. నల్లటి నూనె ధారగా కారింది. కుర్రాడు దాన్ని లీటరు గుర్తులున్న మగ్గులో పట్టాడు. ఎంత దిగిందో అంతే పోయాలి. తక్కువైతే పట్టు ఉండదు. ఎక్కువైతే నురగ కడుతుంది. ఆ బోల్టు కొనకు అయస్కాంతం ఉంది. దానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది. నా గుండె జారింది. మేస్త్రీ దాన్ని వేళ్ళమధ్య పెట్టి నలిపి, వేలు నాకు చూపించాడు.

"కాటుకలా ఉంటే వయసు. సూదుల్లా గుచ్చుకుంటే రోగం. ఇది కాటుకే" అన్నాడు.

మామయ్యగారు లేచి వచ్చి తనూ నలిపి చూశారు. ఆయన ఆ కుంటికాలుతో అంత గబగబా నడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

రెండున్నర లీటర్లు దిగింది. పెట్టెలో పట్టేది సుమారు ఆరు. మిగిలిన మూడున్నర టార్క్ కన్వర్టరులో, గొట్టాలలో దాక్కుని ఉంటుంది, బోల్టు విప్పినంతమాత్రాన రాదు. (కొన్ని కార్లకు అడుగున పళ్ళెం, జల్లెడ ఉంటాయట. వాటికి ఆ పళ్ళెం విప్పి జల్లెడ కూడా మార్చాలి. మాదానికి ఆ సౌకర్యం లేదు.) బోల్టుకు కొత్త వాషరు వేసి బిగించి, పొడుగు గరాటుతో కొత్త నూనె పోశాడు. ఇంజను వేసి, బ్రేకు మీద కాలు పెట్టి, కడ్డీని ఒక్కో చోటా కాసేపు ఆపుతూ అన్ని స్థానాలకూ తిప్పమన్నాడు. నేనే తిప్పాను. మళ్ళీ నాలుగు కిలోమీటర్లు తిప్పి, సమమైన నేలమీద ఇంజను ఆపి, నిమిషం దాటుతుండగా డిప్‌స్టిక్కు చూశాడు. మా కారుకు అట్లా చూడాలట. చాలా కార్లకు ఇంజను నడుస్తుండగానే చూడాలి. ఇది తెలియక ఎక్కువ పోసి పాడుచేసినవాళ్ళున్నారని చెప్పాడు.

ఆ సాయంత్రం మామయ్యగారు గోడమీది తెలుగు కేలండరులో ఆనాటి తేదీ పక్కన, డిప్‌స్టిక్కు తుడిచిన గుడ్డను అద్ది ఒక చుక్క పెట్టారు. పక్కన లెక్క రాశారు. మొదటి విడతకు నూటికి 42 పాళ్ళు కొత్తది. రెండో విడతలో దిగేదాంట్లో కొత్తదీ కొంత పోతుంది గనక 66. మూడో విడతకు 80. "నాలుగోదానికి 88 అవుతుంది. అది పిసినారికి దండగ" అన్నారు.

నవంబరులో రెండో విడత అయింది. చుక్క ఇటుకరంగుకు వచ్చింది. అదే నెలలో తనిఖీకి తీసుకెళ్ళాం. బ్రేకులు, దీపాలు, పొగ చూశారు. గేరుపెట్టె సంగతి వాళ్ళెవరూ అడగలేదు. కాగితం మీద మళ్ళీ ఐదేళ్ళు వచ్చాయి, 2029 దాకా. మావారు ఫోనులో, "సరే, నీ ఇష్టం" అన్నారు. ఆ మాట ఆయన ఒప్పుకున్నప్పుడూ అంటారు, ఒప్పుకోనప్పుడూ అంటారు.

మూడో విడత సంక్రాంతికి ముందు. పొద్దుటి ఆలస్యం మూడు అంకెలనుంచి ఒకటికి తగ్గింది. ధబ్బుమనడం పోయి, ఎవరో భుజం తట్టినట్టుగా మిగిలింది. పూర్తిగా పోలేదు. పోతుందని మేస్త్రీ కూడా చెప్పలేదు. "అరిగింది తిరిగి రాదమ్మా, ఉన్నది ఉండిపోతుంది" అన్నాడు. ఇంకో 40,000 తిరిగాక ఒక్క విడత చేయిస్తే చాలునన్నాడు.

కనుమ వెళ్ళిన ఆదివారం ఊరినుంచి తిరిగొస్తున్నాం. ఉయ్యూరులో కాఫీకి దిగాం. మళ్ళీ ఎక్కబోతుంటే మామయ్యగారు తాళంచెవి నా చేతిలో పెట్టారు. పదిహేనేళ్ళలో బందరు రోడ్డు మీద ఆయన ఆ పని చేయడం నేనెరగను.

"కాలు నొప్పా?" అన్నాను.

"కాలు కాదు. నువ్వు తోలు. ఆ కుదుపు ఎక్కడొస్తుందో నీకూ తెలియాలి." పక్క సీట్లో కూచుని బెల్టు పెట్టుకున్నారు. కాసేపయ్యాక, రోడ్డువైపే చూస్తూ, "మీ ఆయన ఫోనులో గట్టిగా మాట్లాడతాడమ్మాయ్. నా గదిలోకి వినిపిస్తుంది" అన్నారు.

నాకేం చెప్పాలో తోచలేదు. రేడియో కట్టేశాను. కంకిపాడు వచ్చింది. ముందున్న గడ్డి ట్రాక్టరు పక్కకు తప్పుకుంది. నేను కాలు కాస్త నొక్కాను. బండి రెండులోంచి మూడుకు మారింది.

"వచ్చిందా?" అన్నారు.

"కొంచెం."

"ఊఁ" అని, సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకున్నారు.